సీనాయి కొండ ఎక్కేవారికి ఆరోగ్య పాఠము



మన సంఘాల నుండి పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్ళేవారిలో చాలామందికి ఐగుప్తులోని సీనాయి కొండ కూడా ఎక్కాలని ఆశ ఉంటుంది. మిగతా స్థలాలలో బస్సు దిగి కొంత దూరం నడిస్తే సరిపోతుంది. సీనాయి అలా కాదు. అర్ధరాత్రి దాటాక లేచి, చలిలో, చీకటిలో మూడు నాలుగు గంటలు ఎక్కాలి. తెల్లవారిన తరువాత మళ్ళీ రెండు మూడు గంటలు దిగాలి. ఈ యాత్రకు బయలుదేరేవారిలో ఉద్యోగ విరమణ చేసినవారు ఎక్కువ. బి.పి., షుగరు, మోకాళ్ళ నొప్పులు లేని ఇల్లు ఈ రోజుల్లో అరుదు. అందుచేత ఈ నెల పాఠముగా ఈ కొండనే తీసుకున్నాము.

మా ఆసుపత్రి సిబ్బంది, సంఘములోని స్నేహితులు కలిసి తొమ్మిదిమందిమి ఒక నవంబరు నెలలో ఈ కొండ ఎక్కాము. ఏడుగురము శిఖరము చేరాము. ఇద్దరు దారిలో ఆగిపోయారు. పాఠము నేర్చుకోవలసింది ముఖ్యముగా ఆ ఇద్దరి దగ్గరే. మీరు సీనాయికి వెళ్ళకపోయినా, హార్సిలీ కొండకో గుణదల కొండకో పిల్లలతో కలిసి వెళ్ళినా ఈ మాటలు పనికివస్తాయి.

కొండ ఎంత ఎత్తు?

అరబ్బీ భాషలో ఈ కొండను జెబెల్ మూసా, అంటే మోషే కొండ అంటారు. ఎత్తు 2,285 మీటర్లు. మోషే ధర్మశాస్త్రము పొందిన కొండ ఇదేనని క్రైస్తవులు అనేక శతాబ్దాలుగా నమ్ముతూ వచ్చారు. వేరే కొండ అయి ఉండవచ్చునని చెప్పే పండితులూ ఉన్నారు. కొండ అడుగున సెయింట్ కేథరిన్ మఠము ఉన్నది. దీనిని 6వ శతాబ్దములో జస్టీనియన్ చక్రవర్తి కట్టించాడు. 2002లో యునెస్కో ఈ ప్రాంతమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించింది.

మఠమే సుమారు 1,550 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడినుండి పైకి ఎక్కవలసింది 700 మీటర్లకు పైమాటే. ఒక్కొక్క అంతస్తు 3 మీటర్లు అనుకుంటే, ఇది 230 అంతస్తులు మెట్లమీద ఎక్కినట్టు.

దారులు రెండు. ఒకటి ఒంటెల దారి. ఇది వంకరలు తిరుగుతూ మెల్లగా పైకి పోతుంది. రెండవది మెట్ల దారి. మఠములోని సన్యాసులు రాళ్ళు పేర్చి 3,750 మెట్లు కట్టారని చెప్తారు. ఇది చాలా నిటారు. ఎక్కువమంది ఒంటెల దారినే వెళ్తారు. శిఖరమునకు కొంత దిగువన, ఎలీయా పేరుతో పిలిచే చిన్న మైదానము దగ్గర రెండు దారులు కలుస్తాయి. అక్కడినుండి చివరి 750 మెట్లు అందరూ కాలినడకనే ఎక్కాలి. ఒంటె అక్కడికి రాదు. "నడవలేకపోతే ఒంటె ఉందిగదా" అనుకునే గుండె జబ్బువారు ఈ 750 మెట్లను ముందే లెక్కలో పెట్టుకోవాలి. అవి ఇంటి మెట్లలాంటివి కావు. ఒకటి జానెడు, ఇంకొకటి మోకాలెత్తు.

లేఖనము నేర్పే మూడు సంగతులు

మొదటిది. ఫరో యెదుట నిలిచేనాటికి మోషేకు 80 ఏళ్ళు (నిర్గమ. 7). ఆ తరువాతనే ఆయన ఈ కొండను మళ్ళీ మళ్ళీ ఎక్కాడు. అయితే అంతకుముందు 40 ఏళ్ళు ఆయన మిద్యాను అరణ్యములో మందల వెంట నడిచాడని మరచిపోకూడదు. ఆ కాళ్ళు ఒక్క రోజులో తయారైనవి కావు. వయస్సు అడ్డంకి కాదు, అలవాటు లేకపోవడమే అడ్డంకి.

రెండవది. ఎలీయా అలసిపోయి, చనిపోతే బాగుండునని బదరీవృక్షము క్రింద పడుకున్నాడు (1 రాజులు 19). దేవుని దూత ఆయనను గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ నిద్రపోనిచ్చి మళ్ళీ తినిపించాడు. ముందున్న ప్రయాణము నీ శక్తికి ఎక్కువ అని చెప్పి మరీ తినిపించాడు. ఆ తరువాతనే హోరేబుకు ప్రయాణము. ఉపవాసముతో కొండ ఎక్కితే భక్తి ఎక్కువ అనుకునే షుగరు రోగులు ఈ అధ్యాయము చదవాలి.

మూడవది. నిర్గమకాండము 24వ అధ్యాయములో డెబ్బదిమంది పెద్దలు కొండమీదికి కొంతవరకే వచ్చారు. మోషే యెహోషువతో పైకి వెళ్తూ, తాము తిరిగి వచ్చేవరకు అక్కడే ఉండమని పెద్దలతో చెప్పాడు. అహరోను, హూరు వారితో ఉండిపోయారు. వారెవరినీ లేఖనము తక్కువ చేయలేదు. అందరూ శిఖరానికి పిలువబడలేదు. ఆగవలసినచోట ఆగడము కూడా విధేయతే.

రెండు నెలల ముందునుండి

మాతో వచ్చినవారిలో అందరికంటే పెద్ద, 67 ఏళ్ళ ఒక అక్కయ్యగారు. స్త్రీల సమాజములో అందరికీ తెలిసినవారు. టిక్కెట్టు కొన్నరోజే ఆమె చర్చి మిద్దెమెట్లు ఎక్కడం మొదలుపెట్టారు. మొదటి వారం రోజుకు 5 సార్లు. ఎనిమిదవ వారానికి 25 సార్లు, చేతిలో రెండు నీళ్ళ సీసాలతో. మాతో వచ్చిన ఒక యౌవనస్థుడు క్రికెట్ ఆడతాడు, అభ్యాసము అవసరం లేదనుకున్నాడు. ఆ రాత్రి మొదటి గంటలో అతడు అందరికంటే ముందున్నాడు. రెండవ గంటలో దారి ప్రక్కన కూర్చుని వాంతి చేసుకున్నాడు. అక్కయ్యగారు ఒకే నడకతో అతని ప్రక్కకు వచ్చి, "నాయనా, నెమ్మదిగా రా, కొండ ఎక్కడికీ పోదు" అన్నారు.

మీరు చేయవలసినవి:

1. వారానికి 5 రోజులు, రోజుకు 30 నిమిషాలు చురుకుగా నడవండి. మాట్లాడగలగాలి, పాట పాడటానికి మాత్రం ఊపిరి చాలకూడదు. అదే సరియైన వేగం.

2. మూడవ వారం నుండి మెట్లు చేర్చండి. దిగేటప్పుడు కూడా నెమ్మదిగా, లెక్కపెట్టుకుంటూ దిగండి. దిగడానికీ అభ్యాసము కావాలి.

3. చివరి రెండు వారాలలో ఒకసారైనా మూడు గంటల నడక చేయండి. కొండకు వేసుకునే బూట్లే వేసుకోండి. కొత్త బూట్లు యాత్రలో మొదటిసారి వేసుకోవద్దు.

ఆగకుండా రెండు అంతస్తులు ఎక్కలేనివారు, ఎక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉండేవారు కొండ సంగతి తరువాత చూసుకోవాలి. ముందు డాక్టరు దగ్గరకు రావాలి.

ఎవరు తప్పక డాక్టరును అడగాలి?

గుండె జబ్బు ఉన్నవారు: గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు, బైపాస్ అయినవారు డాక్టరు పరీక్ష చేసి, సరే అంటేనే వెళ్ళాలి. శిఖరము మీద గాలి ఒత్తిడి సముద్ర మట్టము దగ్గర ఉన్నదానిలో సుమారు నాలుగింట మూడు వంతులే. అంటే ఒక్కొక్క శ్వాసలో అందే ప్రాణవాయువు కూడా అంతమేరకు తగ్గుతుంది. ఆరోగ్యవంతులకు కొంచెం ఆయాసము తప్ప ఇబ్బంది ఉండదు. ఎత్తువలన వచ్చే జబ్బు సాధారణముగా 2,500 మీటర్లు దాటాకనే కనబడుతుంది. కాని సన్నబడిన గుండె రక్తనాళాలకు చలి, ఎక్కుడు, పలుచటి గాలి మూడూ కలిస్తే బరువే.

బి.పి. ఉన్నవారు: మాత్రలు ఒక్కపూట కూడా మానవద్దు. విశ్రాంతిగా కూర్చున్నప్పుడే 180/110 ఉంటే ఎక్కవద్దు. మూత్రము ఎక్కువ పోయే మాత్రలు వాడేవారు ఆ రోజు వాటిని ఎప్పుడు వేసుకోవాలో డాక్టరును ముందే అడగండి.

ఉబ్బసము ఉన్నవారు: చల్లని పొడిగాలి ఆయాసమును రేపుతుంది. ఇన్‌హేలరు పెద్ద సంచిలో అడుగున కాదు, చొక్కా జేబులో ఉండాలి. ముక్కు, నోరు మఫ్లరుతో కప్పుకోండి.

షుగరు ఉన్నవారు: వీరి సంగతి విడిగా చెప్తాము.

ఆ రాత్రి మేము చేసుకున్న ఒప్పందము

కొండ అడుగున, ప్రార్థన అయిన తరువాత మూడు మాటలు అనుకున్నాము. ఒకటి, అందరికంటే నెమ్మదిగా నడిచేవారు గైడు వెనుకనే ముందు నడవాలి. రెండు, ఎవరు "ఆగండి" అంటే అందరూ ఆగాలి, ఎందుకని అడగకూడదు. మూడు, ఎవరినీ ఒంటరిగా వదలకూడదు. ఎవరు వెనుకకు తిరగాలో మాతో ఉన్న నర్సమ్మగారి మాటే చివరి మాట.

రెండు గంటలకు ముందే బయలుదేరాము. స్థానిక జెబెలియా తెగకు చెందిన బెదూయిను గైడు టార్చిలైటు లేకుండానే నడిచాడు. మాకు మాత్రం తలకు కట్టుకునే లైట్లు ఉన్నాయి, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోవడానికి. తలెత్తితే నక్షత్రాలు. దూరముగా కొండమీద లైట్ల వరుస కదులుతూ కనబడింది. అరగంటకు ఒకసారి ఆగి ఒక గ్లాసెడు నీళ్ళు త్రాగాము. దారిలో మరుగుదొడ్లు తక్కువని స్త్రీలు నీళ్ళు మానేస్తారు. అలా చేయవద్దు. ఒంట్లో నీరు తగ్గితే తలనొప్పి, కాళ్ళు పట్టేయడం, తల తిరగడం మొదలవుతాయి. చలిలో దాహము తెలియదు గాని, శ్వాసతోనూ చెమటతోనూ నీరు పోతూనే ఉంటుంది.

నాలుగు గంటలకు జరిగినది

మాలో ఒక సహోదరునికి 54 ఏళ్ళు. పదేళ్ళుగా షుగరుకు గ్లిమిపిరైడ్ మాత్ర వాడుతున్నారు. ముందురోజు బస్సు ఆలస్యమై హోటలుకు రాత్రి పదికి చేరాము. ఆయన మాత్ర వేసుకుని, "ఆకలి లేదు" అని రెండు ముద్దలు తిని పడుకున్నారు. ఇది ఎవరికీ చెప్పలేదు.

నాలుగు గంటల వేళ, ఒంటెల దారి పూర్తికావస్తుండగా, ఎప్పుడూ నవ్విస్తూ ఉండే మనిషి చిరాకుగా మాట్లాడటం మొదలుపెట్టారు. నీళ్ళు ఇస్తే "ఎన్నిసార్లు ఇస్తారు" అని సీసా తోసేశారు. అలిసిపోయారు అనుకోవడం సులభము. నర్సమ్మగారు లైటు ఆయన ముఖముమీద వేసి చూశారు. మేమంతా స్వెట్టర్లలో వణుకుతుంటే ఆయన నుదుట చెమట. "అన్నయ్యా, ఈరోజు ఏ వారం?" అని అడిగారు. ఆయన జవాబు చెప్పలేకపోయారు.

ప్రక్కనే రాళ్ళతో కట్టిన బెదూయినుల టీ కొట్టు ఉన్నది. అందులో కూర్చోబెట్టి రక్తము చూస్తే షుగరు 52. అది 70 కంటే తగ్గితేనే ప్రమాదము. మూడు చెంచాల గ్లూకోజు పొడి కొంచెం నీళ్ళలో కలిపి త్రాగించాము. 15 నిమిషాలు ఆగి మళ్ళీ చూస్తే 78. అప్పుడు బిస్కట్లు, ఖర్జూరాలు పెట్టాము. అరగంటలో మనిషి మామూలు మనిషి అయ్యారు. వెంటనే లేచి, "పదండి, సూర్యోదయము దాటిపోతుంది" అన్నారు.

నర్సమ్మగారు వద్దన్నారు. ఆ మాత్ర ప్రభావము ఇంకా శరీరములో ఉన్నది, షుగరు మళ్ళీ పడిపోవచ్చును. ముందున్నవి 750 మెట్లు, ప్రక్కన లోయ. అక్కడ కళ్ళు తిరిగితే పట్టుకునేవారుండరు. ఆయన కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఇంత దూరము వచ్చి, ఇంత ఖర్చు పెట్టి, కూతవేటు దూరములో ఆగిపోవడమా అన్నారు. అప్పుడు మాలో ఇంకొక సహోదరుడు, బడిలో ఆయనతో కలిసి చదువుకున్న స్నేహితుడు, సంచి దింపి ఆయన ప్రక్కన కూర్చున్నాడు. "మోషే వెళ్ళనీ. మనము డెబ్బదిమందిలో ఉందాము" అన్నాడు. గైడు రెండు కంబళ్ళు తెచ్చి ఇద్దరికీ కప్పించాడు. ప్రతి అరగంటకు షుగరు చూసుకోవాలని చెప్పి, గ్లూకోజు పొడి వారి దగ్గర ఉంచి మేము కదిలాము.

షుగరు ఉన్నవారు ఈ సంగతులు బాగా గుర్తుపెట్టుకోవాలి:

1. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటివి వాడేవారికి ఎక్కువ నడిస్తే షుగరు పడిపోయే అవకాశము ఉన్నది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఇది అరుదు. కొండ ఎక్కేరోజు మోతాదు ఎంత తగ్గించాలో మీ డాక్టరు చెప్పాలి, మీరే నిర్ణయించుకోవద్దు.

2. తినకుండా బయలుదేరవద్దు. గంటకొకసారి కొంచెం ఏదైనా తినండి.

3. చెమట, వణుకు, చిరాకు, తికమక మాటలు కనబడితే వెంటనే ఆగి తీపి ఇవ్వండి. షుగరు చూసే యంత్రము లేకపోయినా ఇవ్వండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయవద్దు. ప్రక్కకు త్రిప్పి పడుకోబెట్టి సహాయము పిలవండి.

4. కొండ దిగిన తరువాత కూడా ఒక రోజంతా షుగరు తగ్గవచ్చును. ఆ రాత్రి పడుకోబోయేముందు పరీక్ష చేసుకోండి.

5. ఇన్సులిన్ గడ్డకడితే పాడైపోతుంది. చలిలో షుగరు యంత్రము సరిగా పనిచేయదు. రెండూ చొక్కా లోపల ఒంటికి దగ్గరగా ఉంచుకోండి.

6. పాదాలలో స్పర్శ తగ్గినవారికి బొబ్బ వచ్చినా తెలియదు. దిగిన వెంటనే బూట్లు, మేజోళ్ళు విప్పి అరికాళ్ళు, వ్రేళ్ళ సందులు ఇంకొకరితో చూపించుకోండి.

శిఖరము మీద

అక్కయ్యగారు చేతికర్ర ఊనుకుంటూ, పది మెట్లకొకసారి ఆగుతూ మా అందరికంటే ముందు పైకి చేరారు. శిఖరము మీద 1934లో కట్టిన చిన్న ప్రార్థనామందిరము, ఒక చిన్న మసీదు ఉన్నాయి. గాలి విపరీతముగా కొట్టింది. అక్కడ చాలామంది చేసే పొరపాటు, చెమటతో తడిసిన బనియనుతోనే సూర్యోదయము కొరకు గంటసేపు కూర్చోవడం. తడిబట్ట ఒంట్లోని వేడిని త్వరగా లాగేస్తుంది. మేము పైకి చేరగానే మందిరపు గోడ చాటున పొడి బనియన్లు మార్చుకున్నాము. విపరీతమైన వణుకు, మాట ముద్దగా రావడం, అడుగు తడబడటం కనబడితే అది ఒంటి వేడి పడిపోతున్న గుర్తు. వెంటనే కప్పి, స్పృహలో ఉంటే వేడి తీపి పానీయము ఇచ్చి, క్రిందికి దింపాలి.

ఆరు దాటాక సూర్యుడు వచ్చాడు. నల్లగా ఉన్న కొండలన్నీ వరుసగా ఎర్రబడ్డాయి. ఎవరమూ మాట్లాడలేదు. అక్కయ్యగారు క్రిందనున్న ఇద్దరి పేర్లు ఎత్తి ప్రార్థన చేశారు.

దిగేటప్పుడు

కొండమీద జారిపడటాలు ఎక్కువగా దిగేటప్పుడే. పని అయిపోయిందన్న ధీమా, నిద్రలేమి, అలసిన కాళ్ళు, చిన్న గులకరాళ్ళు కారణము. దిగేటప్పుడు మోకాళ్ళమీద శరీర బరువుకు ఎన్నోరెట్లు భారము పడుతుంది. అడుగులు చిన్నవిగా, మోకాలు కొంచెం వంచి, కర్ర ముందు ఊని దిగండి. తొడలలో నొప్పి మరునాడు, మూడవనాడు ఎక్కువ అవుతుంది, దానికి భయపడవద్దు. కాని పిక్క ఒకటే వాచి, వేడిగా నొప్పి పెడితే డాక్టరుకు చూపించండి. దూరప్రయాణము తరువాత రక్తము గడ్డకట్టి అలా కావచ్చును.

ఎక్కేటప్పుడుగాని దిగేటప్పుడుగాని ఛాతీ మధ్యలో బిగింపు, ఎడమచేతికో దవడకో నొప్పి, చల్లని చెమట వస్తే గ్యాసు అనుకోవద్దు. అక్కడే కూర్చోండి. ఒక్క అడుగు కూడా నడవవద్దు. గైడుకు చెప్పి సహాయము తెప్పించుకోండి.

మేము దిగి వచ్చేసరికి టీ కొట్టులో ఇద్దరు స్నేహితులూ ఎండలో కూర్చుని ఉన్నారు. షుగరు 140 అని ముందే చెప్పారు. వారు శిఖరము చూడలేదు. కాని ఆయన తన కాళ్ళతోనే మఠము వరకు దిగారు, ఇంటికి వచ్చి మనుమరాలి బాప్తిస్మము చూశారు. మా డాక్టరుగారు ఆయన మాత్రలు మార్చారు. ఆయన ఇప్పుడు అక్కయ్యగారితో పాటు చర్చి మెట్లు ఎక్కుతున్నారు.

సంచిలో ఉండవలసినవి

నీళ్ళు 2 లీటర్లు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు రెండు, గ్లూకోజు పొడి, బిస్కట్లు, ఖర్జూరాలు, వేరుశెనగ ఉండలు, మీ మందులు, చీటీతో సహా, లైటు, అదనపు బ్యాటరీలు, పొడి బనియను, మేజోళ్ళు, స్వెట్టరు, మంకీ టోపీ, చేతి తొడుగులు, ప్లాస్టరు, చేతికర్ర. మీ పేరు, జబ్బు, వాడే మందులు, ఇంటి ఫోను నంబరు వ్రాసిన కాగితము జేబులో పెట్టుకోండి.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు

1. ఎలీయాకు దేవుడు ఉపదేశముకంటే ముందు ఆహారము, నిద్ర ఎందుకిచ్చాడు?

2. మన ఇంట్లో మాత్ర వేసుకుని భోజనము మానేసేవారు ఎవరైనా ఉన్నారా? వారితో ఎవరు మాట్లాడతారు?

3. మనకంటే నెమ్మదిగా నడిచేవారి కొరకు ఈ వారం మనము ఎక్కడ ఆగగలము?

యాత్రకు వెళ్ళదలచినవారు కనీసము రెండు నెలల ముందు మా ఆసుపత్రిలో బి.పి., షుగరు, ఇ.సి.జి. పరీక్షలు చేయించుకోవాలని కోరుతున్నాము. పాత చీటీలన్నీ వెంట తీసుకుని రండి. ఎక్కే కాళ్ళకు బలము, ఆగే మనస్సుకు వివేకము, ప్రక్కన కూర్చునే స్నేహితులను ప్రభువు మీకందరికీ దయచేయును గాక. ఆమేన్.